వడ్డించే చేతిని ఏం తిన్నావని అడగొచ్చా?

నరసాపురంలో పాలు, నెయ్యి, గుడ్డు, చేప, మాంసం, తేనె ఏదీ ముట్టకుండా హోటల్లో కడుపు నింపుకోవడం తేలికైన పని కాదు. ఒక పక్క వశిష్ఠ గోదావరి, కాస్త కిందికి పోతే సముద్రం. చేప, రొయ్య, ఎండుచేప ఇక్కడ కూర మాత్రమే కాదు, చాలామందికి బతుకుతెరువు కూడా. పోనీ శాకాహార హోటలుకే వెళ్లినా ఇడ్లీ మీద అడక్కుండానే నెయ్యి పడుతుంది. మైసూరు బజ్జీ పిండిని పుల్లమజ్జిగతో కలుపుతారు. ఉప్మా దించేముందు ఓ గరిటెడు నెయ్యి. భోజనంలో పెరుగు లేకపోతే అది భోజనమే కాదు. ఆత్రేయపురం పూతరేకుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి వీగన్ అయిన మనిషి ఇక్కడ కొన్ని ప్రశ్నలు అడగక తప్పదు. పిండిలో పెరుగు కలిపారా? పప్పులో తాలింపు నూనెతోనా, నెయ్యితోనా? రొయ్యలు వేపిన మూకుట్లోనే మిరపకాయ బజ్జీలు వేశారా? ఆమ్లెట్ వేసిన పెనం మీదే పెసరట్టు పోశారా? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలు. డబ్బిచ్చి తినేవాళ్లకి తమ ఆకులో ఏం పడుతోందో తెలుసుకునే హక్కుంది. విసుక్కోకుండా జవాబు చెప్పడం హోటలువాళ్ల పని.

అయితే ఇంకో ప్రశ్న ఉంది. మీ వంటమనిషి మాంసం తింటాడా? ఇప్పుడు నాకు వడ్డించిన కుర్రాడు మధ్యాహ్నం ఇంటికెళ్లి ఏం తిని వచ్చాడు? ఇది ఆకు గురించి అడిగే ప్రశ్న కాదు, మనిషి గురించి అడిగేది. పైకి చూస్తే ముందు అడిగినవాటికి కొనసాగింపులా ఉంటుంది. మేము రాయదలచుకున్నది దీని గురించే. విద్యార్థి సంఘాల్లో, జంతు హక్కుల కోసం పనిచేసే మన మిత్రుల్లో కూడా ఈ రెండు రకాల ప్రశ్నలు కలగాపులగం అవుతున్నాయి గనక.

ముందు వీగన్ అనే మాట ఎక్కడిదో చూద్దాం. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కలిసి వీగన్ సొసైటీ పెట్టినప్పుడు పుట్టిన మాట అది. పాలు, గుడ్లు తింటూ మాంసం ఒక్కటే మానేస్తే జంతువుల మీద హింస ఆగదని వాళ్ల వాదన. పాడి ఉన్నచోట కబేళా ఉంటుంది. పాలివ్వని గేదె, అక్కరకు రాని దూడ చివరికి ఎక్కడికి పోతాయో గోదావరి జిల్లాల రైతుకి ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. ఆ లెక్కన నెయ్యి వేసుకునే శాకాహారి, మాంసం తినే మనిషి ఒకే గొలుసుకు రెండు కొసలు. వీగన్ వాదం జంతువు వైపు నుంచి పుట్టింది. తినే మనిషి శుద్ధిగా ఉన్నాడా, మైలపడ్డాడా అన్నది దాని లెక్కలోనే లేదు.

మన 'ప్యూర్ వెజ్' బోర్డు సంగతి వేరు. అది వచ్చింది మడి నుంచి. మడిలో పాలు, నెయ్యి శుద్ధమైనవి. మాంసం మైల. ఆ మైల తిన్నవాడికీ అంటుకుంటుంది. వాడు ముట్టిన నీళ్లకీ, కూర్చున్న అరుగుకీ, తాగిన గ్లాసుకీ అంటుకుంటుంది. సబ్బుతో చేతులు కడుక్కుంటే పోదు. పుట్టుకతో వచ్చిందని చెప్పేది కడిగితే పోయేది ఎలా అవుతుంది? వీగన్ భోజనం అడిగే మనిషి వంటవాడి ఇంట్లో ఏం ఉడుకుతోందని ఆరా తీశాడంటే, 1944 నాటి వాదాన్ని వదిలి ఈ పాత తోవలోకి వచ్చాడన్నమాట. చాలామందికి తాము తోవ మారిన సంగతి కూడా తెలియదు.

లెక్క కూడా ఒకసారి చూడండి. 2014 నాటి నమూనా నమోదు సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 15 ఏళ్లు దాటినవాళ్లలో మాంసాహారులు 98 శాతం పైనే. అంటే మన ఊళ్లలో ఏ శాకాహార హోటలుకి వెళ్లినా సాంబారు కాచినవాళ్లు, పప్పు రుబ్బినవాళ్లు, గిన్నెలు తోమినవాళ్లు దాదాపు అందరూ ఇంటి దగ్గర చేపో, కోడో, గొడ్డుమాంసమో తినేవాళ్లే. ఇన్నేళ్లుగా ఆ సాంబారు అందరికీ రుచిగానే ఉంది. వంటమనిషి తిండి తినేవాడికి నిజంగా అంటుకునేదే అయితే, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్క శాకాహారి కూడా మిగిలి ఉండకూడదు.

చట్టం ఏం అడుగుతుంది

2006 ఆహార భద్రత చట్టం, దాని కింద 2011లో వచ్చిన లైసెన్సు నిబంధనలు వంటగదిలో పనిచేసేవాళ్ల గురించి చాలా చెబుతాయి. ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి. అంటురోగం ఉన్నవాళ్లను వంట దగ్గరికి రానివ్వకూడదు. చేతులు కడుక్కోవాలి, గోళ్లు తీసుకోవాలి, తలకి టోపీ పెట్టుకోవాలి. వంట చేసేచోట తినకూడదు, నమలకూడదు, ఉమ్మకూడదు. శాకాహారం, మాంసాహారం వేరువేరుగా ఉంచాలి. ఇంత వివరంగా రాసినవాళ్లు ఆ పనివాడు ఇంట్లో ఏం తింటాడని ఒక్క ముక్క కూడా అడగలేదు. ఆహార శుభ్రతకి దానితో పనిలేదు గనక అడగలేదు.

వీగన్ ఆహారానికి విడిగా 2022లో నిబంధనలు వచ్చాయి. ఆకుపచ్చ గుర్తు కూడా ఇచ్చారు. పదార్థంలో జంతువుల నుంచి వచ్చినదేదీ ఉండకూడదు, తయారీలోనూ వాడకూడదు, వీగన్ కాని వాటితో కలవకుండా జాగ్రత్తలు తీసుకోవాలి అంటాయవి. అక్కడ కూడా మాట్లాడేది పదార్థం గురించే, చేసే మనిషి గురించి కాదు. వీగన్ మిత్రులు తమ హక్కు కోసం పట్టుకోవాల్సిన కాగితం అది. పెనం, మూకుడు, అట్లకాడ వేరుగా ఉండాలని గట్టిగా అడగండి. మాంసం కోసిన కత్తితో కూరలు తరిగితే ఫిర్యాదు చేయండి. మేమూ సంతకం పెడతాం.

2024 జులైలో ఇదే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాంవడ్ యాత్ర దారిలో ఉన్న తినుబండారాల దుకాణాలు తమ యజమానుల పేర్లు, పనివాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు మొదలుపెట్టారు. యాత్రికుల ఆహార నియమాల కోసమే ఇది అన్నారు. జులై 22న జస్టిస్ హృషికేశ్ రాయ్, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి ధర్మాసనం దాన్ని నిలిపేసింది. దుకాణంలో ఎలాంటి ఆహారం దొరుకుతుందో రాయమనొచ్చు, యజమాని పేరు, పనివాడి పేరు రాయమని బలవంతం చేయకూడదు అన్నది ఆ మధ్యంతర ఉత్తర్వు సారం. జస్టిస్ భట్టి మదనపల్లె మనిషి. కేరళలో పనిచేసిన రోజుల్లో తాను ఒక ముస్లిం నడిపే శాకాహార హోటలుకి వెళ్లేవాడినని, దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఆ యజమాని శుభ్రతలో అంతర్జాతీయ ప్రమాణాలు పాటించేవాడని ఆయన కోర్టులో చెప్పారు. మనం పైన చెప్పుకున్న రెండు రకాల ప్రశ్నల మధ్య గీత ఆ ఉత్తర్వులో ఉంది. ఆకులో ఏముందో చెప్పాలి, వడ్డించేది ఎవరో చెప్పక్కర్లేదు.

2017 ఆగస్టు 24న వ్యక్తిగత గోప్యత హక్కు మీద తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఇచ్చిన తీర్పులో కృష్ణా జిల్లాకి చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ విడిగా రాసిన భాగం ఉంది. ఏం తినాలో, ఏం కట్టుకోవాలో ప్రభుత్వం చెప్తే ఎవరికీ నచ్చదని ఆయన అందులో రాశారు. అది ప్రభుత్వాన్ని ఉద్దేశించిన మాట. హోటలు యజమానికి అదే మాట నేరుగా వర్తించదు. మన కష్టం ఉన్నది అక్కడే, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

తిండి పేరుతో మనిషిని వెతకడం

2019 అక్టోబరులో హైదరాబాదులో ఒక కస్టమరు స్విగ్గీలో చికెన్ 65 తెప్పించుకుని, తెచ్చినతను ముస్లిం అని తీసుకోలేదు. హిందువుని పంపమని ముందే రాశానన్నాడు. పోలీసు కేసయింది. తెప్పించుకున్నది కోడిమాంసం అని గుర్తుపెట్టుకోండి. 2022 ఆగస్టులో అదే హైదరాబాదులో మరో కస్టమరు ముస్లిం డెలివరీ మనిషి వద్దని రాస్తే, గిగ్ కార్మికుల సంఘం నాయకుడు షేక్ సలావుద్దీన్ దాన్ని బయటపెట్టారు. ఈ రెండు చోట్లా శాకాహారం మాటే లేదు. అయినా వాళ్లకి తిండికంటే తెచ్చే చెయ్యి ముఖ్యమైంది.

2024 మార్చి 19న జొమాటో అధిపతి దీపిందర్ గోయల్ శాకాహారుల కోసం విడిగా డెలివరీ దళం పెడుతున్నామని ప్రకటించారు. ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ పెట్టె. శాకాహార హోటళ్ల నుంచి మాత్రమే తెస్తారు. చారు ఒలికితే వాసన పక్క పార్శిలుకి అంటుకుంటుంది అన్నది చెప్పిన కారణం. మూత గట్టిగా పెడితే తీరే సమస్య అది. దానికి ఏకంగా మనుషులకి రంగులు వేశారు. ఒక్క రోజు కూడా నిలవలేదు. అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర ఎర్రచొక్కావాళ్లను మాంసం మోసేవాళ్లని ఆపేస్తారని, పనివాళ్ల భద్రతకే ముప్పని విమర్శ వచ్చింది. మరుసటి రోజే అందరికీ ఎర్రచొక్కానే అని వెనక్కి తగ్గారు. దళం మాత్రం ఉంటుందన్నారు. గేటు దగ్గర ఏం జరుగుతుందో మనవాళ్లు ఊహించి చెప్పలేదు, తెలిసి చెప్పారు.

ఎలా తెలుసంటే, రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లం గనక. టీ కొట్టులో మాల మాదిగలకి ఒక గ్లాసు, మిగతావాళ్లకి ఒక గ్లాసు. తాగిన గ్లాసు తామే కడిగి పెట్టాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జస్టిస్ పున్నయ్య కమిషన్ ఊరూరా తిరిగి దీన్ని నమోదు చేసింది. అక్కడ తాగేది ఒకే టీ. పాలు అవే, పంచదార అదే. మాంసం ఊసే లేని చోట కూడా అంటు ఉంది. కాబట్టి మేము తిండినిబట్టే చూస్తున్నాం, కులాన్నిబట్టి కాదు అని ఎవరైనా అంటే మాకు ఆ గ్లాసు గుర్తొస్తుంది.

గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని డాక్టర్ అంబేద్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో విప్పి చూపించారు. చనిపోయిన గొడ్డుని ఊరు దాటించే పని ఎవరికి అంటగట్టారో, వాళ్లనే ఆ పని వల్ల, ఆ తిండి వల్ల అంటరానివాళ్లన్నారు. ఇది పాత కథ కాదు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చనిపోయిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకులని కొట్టడం దేశమంతా చూసింది. నెల తిరక్కుండానే, ఆగస్టులో, మన కోనసీమలో అమలాపురం దగ్గర అదే జరిగింది. కరెంటు షాక్ కొట్టి చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని గోరక్షకులమని చెప్పుకున్నవాళ్లు చెట్టుకి కట్టి కొట్టారు. నరసాపురం నుంచి గోదావరి దాటి కోనసీమ మీదుగా వెళ్తే అమలాపురం ఎంతో దూరం కాదు. ఆ అన్నదమ్ముల ఊరి పిల్లవాడు రేపు హోటల్లో సర్వరు పనికి వస్తే, నువ్వు ఏం తింటావని అడగడం ఉత్త ఆహార ప్రశ్న అవుతుందా?

జంతువుల మీద దయతోనే అడిగామని అడిగినవాళ్లు నిజాయితీగానే చెప్పొచ్చు. మేము నమ్ముతాం కూడా. దళితుల్లోనూ వీగన్లు ఉన్నారు. గొడ్డుమాంసం తినడం మన హక్కు అని 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో జరిగిన పండుగకి అండగా నిలబడినట్టే, మాంసం మానేసిన దళిత విద్యార్థి ఎంపికకీ అండగా నిలబడాలి. అంతకు నలభై ఏళ్ల ముందు, 1972 ఆగస్టు 15న, విజయవాడలో గోరా గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి తినే కార్యక్రమం పెట్టారు. ఆయన పోరు నిషేధాల మీద. ఆకులో అవే ఉండాలని ఎవర్నీ బలవంతపెట్టడం దాని ఉద్దేశం కాదు. అయితే అడిగేవాడి మనసులో ఏముందన్నదానికంటే, ఆ ప్రశ్న కౌంటరు వెనక ఏం చేస్తుందన్నది ముఖ్యం. పదిమంది కస్టమర్లు అడిగితే పదకొండో రోజున యజమాని ఉద్యోగ ప్రకటనలో 'శాకాహారులకు ప్రాధాన్యం' అని రాస్తాడు. ఆ ఒక్క మాటతో మాల, మాదిగ, ముస్లిం, క్రైస్తవ, బెస్త, యానాది పిల్లలందరూ ఒకేసారి గడప అవతల ఉండిపోతారు. కులం పేరు ఎక్కడా రాయక్కర్లేదు. పెళ్లిళ్ల సీజన్లో 'బ్రాహ్మణ క్యాటరింగ్' బోర్డు చేసే పని కూడా ఇదే, కాకపోతే అది దాపరికం లేకుండా చేస్తుంది.

ఇంకో వాదన వినిపిస్తుంది. నేనిచ్చే డబ్బుతో జీతం తీసుకుని అతను మాంసం కొంటాడు కదా, ఆ హింసలో నాకూ వాటా వచ్చినట్టే కదా అని. జీతం చేతిలో పడ్డాక అది అతని సొమ్ము, కస్టమరు సొమ్ము కాదు. ఈ లెక్కే పట్టుకుంటే బెండకాయ పండించిన కౌలురైతు, బియ్యం మర పట్టించిన కూలీ, స్టేషను నుంచి తీసుకొచ్చిన ఆటో డ్రైవరు అందరినీ అడగాలి. వాళ్లనెవరూ అడగరు. వడ్డించేవాడినే అడుగుతారు. అతని చెయ్యి ఆకు దగ్గరికి వస్తుంది గనక. అంటే బాధ డబ్బు గురించి కాదు, చెయ్యి గురించి.

ఎక్కడ గీత గీయాలి

అన్నీ ఒకే గాటన కట్టలేం. వంటగదిలోకి మాంసం తేవద్దని వీగన్ హోటలు యజమాని అంటే అది సబబే. పాత్రలు కలిసిపోతే కస్టమరుకి అబద్ధం చెప్పినట్టవుతుంది. సిబ్బంది తినే గదిలోకి ఇంటి నుంచి క్యారేజీలో చేపలకూర తెచ్చుకోవద్దనడం అంత సూటిగా తేలదు. విడి గది ఉండి, చేతులు కడుక్కునే చోటు ఉంటే ఆ నిషేధానికి కారణం కనపడదు. ఉన్న ఒక్క గదీ వంటగదే అయితే యజమాని ముందు పనివాళ్లకి కూర్చుని తినే చోటు చూపించాలి. అది లేకుండా క్యారేజీ మీద ఆంక్ష పెట్టడం అన్యాయం. ఇక గడప దాటి ఇంటికి వెళ్లాక ఏం తింటారన్నది పూర్తిగా వాళ్ల సంగతి. జంతు హక్కుల సంస్థ తన ప్రచార కార్యకర్తగా వీగన్‌నే పెట్టుకోవాలనుకుంటే అర్థం ఉంది, ఆ మాట చెప్పడమే అతని పని. గిన్నెలు తోమే ఆమె నుంచి అదే విశ్వాసం కోరడంలో అర్థం లేదు.

బడి వంటల విషయంలో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చేసింది గమనించదగ్గది. దళిత మహిళ వండితే మా పిల్లలు తినరని ఊళ్లలో గొడవలు జరుగుతున్న కాలం అది. కోర్టు ఆ గొడవకి తలొగ్గలేదు. మధ్యాహ్న భోజనం వంటవాళ్లుగా, సహాయకులుగా ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. పిల్లలు ఒకే బంతిలో కూర్చోవడమే కాదు, ఆ అన్నం ఎవరు వండుతారన్నదీ సమానత్వం ప్రశ్నేనని గుర్తించిన ఉత్తర్వు అది.

ప్రైవేటు హోటలు దగ్గరికి వచ్చేసరికి చట్టం పల్చబడుతుంది. రాజ్యాంగంలోని 15(2) అధికరణం హోటల్లోకి వెళ్లి తినే హక్కుని కాపాడుతుంది. ఆ హోటల్లో ఉద్యోగానికి అది చాలదు. 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే. 17వ అధికరణం అంటరానితనాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. దాని ఆధారంగా వచ్చిన 1955 పౌర హక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షను, అంటరానితనం కారణంగా ఎవరినైనా ఉద్యోగం నుంచి అడ్డుకుంటే నేరమంటుంది. చిక్కల్లా 'అంటరానితనం కారణంగా' అన్న మాట దగ్గర. యజమాని కులం ఎత్తడు, తిండి అంటాడు. తిండి ఆధారంగా ఉద్యోగం నిరాకరిస్తే తప్పని సూటిగా చెప్పే చట్టం మనకి లేదు. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణని నేరం చేసింది. డెల్టాలో చర్చికి వెళ్లే మాల మాదిగలకి అక్కడా అడ్డంకి ఉంది. మతం మారినవాళ్లకి ఎస్సీ హోదా వర్తించదు గనక ఆ చట్టం కింద కేసు పెట్టలేరని 2025లో మన హైకోర్టు చెప్పింది. 1955 చట్టం బాధితుడు ఎస్సీ అయి ఉండాలని అడగదు, కాబట్టి వాళ్లకి మిగిలిన దారుల్లో అది ఒకటి.

ఉపాధి మీద దెబ్బ ఎలా పడుతుందో నరసాపురం చుట్టుపక్కలవాళ్లకి బాగా తెలుసు. 2017లో భీమవరం దగ్గర గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం విషయంలో తగాదా వచ్చాక దళితులకి కౌలు పొలాలు పోయాయి, పనులకి పిలవడం మానేశారు. కడుపు మీద కొట్టడానికి చేతిలో కర్ర అక్కర్లేదు.

వీగన్ భోజనం చేసే మిత్రులు పనివాళ్ల గురించి పట్టించుకోవద్దని మేము అనడం లేదు. వారానికి ఒక రోజు సెలవు దొరుకుతోందా, 1988 దుకాణాలు, సంస్థల చట్టం చెప్పిన పనిగంటలు దాటాక అదనపు కూలీ ఇస్తున్నారా, పొయ్యి దగ్గర కాలితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెడుతున్నారు, దళిత కుర్రాళ్లు గిన్నెల దగ్గరే ఆగిపోతున్నారా లేక పెనం దగ్గరికి, కౌంటరు దగ్గరికి కూడా వస్తున్నారా, ఇవి అడగండి. పనివాడు ఇంట్లో ఏం తింటాడని అడిగినంత ధైర్యంగా వీటిని యజమానిని అడిగిన కస్టమరుని మేమింకా చూడలేదు.

ఉద్యోగానికి వెళ్లిన చోట తిండి గురించి అడిగితే ఏం చేయాలన్నది విద్యార్థులు, పార్ట్‌టైము పని వెతుక్కునే పిల్లలు తెలుసుకోవాల్సింది. జవాబు చెప్పాలన్న నిబంధన ఏదీ లేదు. నోటిమాటగా అడిగితే మెసేజిగా పంపమని అడగండి, ప్రకటనలో ఉంటే ఫొటో తీసి తేదీతో దాచండి. అదే చోట శాకాహారులని చెప్పుకుని చేరిన ఇతర కులాలవాళ్లని నిజంగా తిండి అడిగారా, లేక ఇంటిపేరు అడిగి వదిలేశారా కనుక్కోండి. తిండి మాట కులానికి ముసుగు అని చూపించడానికి ఆ తేడాయే బలమైన సాక్ష్యం. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాలకి జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14566. ఫిర్యాదు తెలుగులోనే చెప్పండి, నమోదు సంఖ్య అడిగి రాసుకోండి.